సీసా మూతిదాకా

రబాత్,
1994 సెప్టెంబరు 5

మా మమాస్ వదినకు,

సలాములు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అన్నయ్య వ్యాను ఎలా ఉంది? రెండూ ఒకేలా మూలుగుతాయి కాబట్టి రెండిటినీ ఒకే ఊపిరిలో అడిగేస్తున్నాను.

నీ సంగతి అడగక్కర్లేదు. ఐత్ బాహా సంత నుంచి వచ్చిన ప్రతివాళ్ళూ నీ కబుర్లే మోసుకొస్తున్నారు. తిజ్గి ఆడవాళ్ళందరినీ ఒకచోట చేర్చావట, నూనె అంతా కలిపి అమ్మిస్తావట, సరుకు దాచడానికి మన ఇంటి కింది గదే ఇచ్చావట! కాసాబ్లాంకాలో కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగి, మా ఊరి కోడలుగా వచ్చిన కొత్తలో అర్గాన్ గింజ పగలగొట్టబోయి బొటనవేలు పగలగొట్టుకున్న మనిషివేనా నువ్వు? ఆ వేలికి కట్టు కట్టింది నేనేనని ఊళ్ళోవాళ్ళకి చెప్పావా? నేనేమో ఆ గింజల మధ్యే పుట్టి పెరిగి, ఇప్పుడు తెల్లకోటు వేసుకుని చెంచాడు నూనె కోసం నీ ముందు చెయ్యి చాస్తున్నాను. మనిద్దరినీ పుట్టినప్పుడే ఎవరో తారుమారు చేసి ఉంటారు.

అసలు సంగతికి వస్తాను. మా మేడమ్ బెర్రాదా నా పరిశోధనకి అర్గాన్ నూనెనే ఖాయం చేసింది. బజారు నూనె వద్దు, ఇంట్లో తీసిందే కావాలంది. అందుకని వేయించిన పప్పుతో తీసిన నూనె ఒక పెద్ద సీసా, వేయించని పచ్చిపప్పుతో తీసింది ఒక చిన్న సీసా పంపు. వాటితో పాటు పిండిన తరవాత మిగిలే చెక్క కొంచెం, ఎండిన గుజ్జు కొంచెం. మేకలు నమిలి ఉమ్మిన గింజలు మాత్రం కలపకు. ఆ నూనెకి మేకపోతు కంపు వస్తుంది, నా పరువు పోతుంది.

ఇంకో మాట. సీసాలు మూతిదాకా నింపండి. పైన గాలి ఉంటే నూనె దారిలోనే పాడవుతుంది. వెలుతురు తగలకుండా నల్లగుడ్డ చుట్టండి. ఇది అమ్మకి కూడా గట్టిగా చెప్పు.

అగాదిర్‌లో మీ నూనె కొంటానన్న కొట్టావిడ ‘కల్తీ లేదని కాగితం ఉంటేనే’ అందిగా. ఆ కాగితం కూడా ఈ పరీక్షతోనే ఇప్పిస్తాను. ఇప్పుడైనా మరదలి విలువ తెలిసిందా?

నీ
తూదా

*

తిజ్గి,
సెప్టెంబరు 19

విలువైన మరదలికి,

నీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే మోకాళ్ళ మాట దగ్గర అత్తయ్య నవ్వింది. వ్యాను మాట దగ్గర మీ అన్నయ్య నవ్వలేదు.

వాన మొహం చూడక ఇది రెండో ఏడు. వేసవిలో తోపుకి కాపలా ఎత్తేసి, ఇక ఏరుకోవచ్చని ఊరంతటికీ చెప్పినరోజు బుట్టలు పట్టుకుని ఎగబడ్డాం. కానీ చెట్ల కింద ఏముంది? గాలి. ఉన్న నాలుగు కాయలూ మేకలు పైకెక్కి తినేశాయి. అయినా ఏరాం, ఎండబెట్టాం, గుజ్జు వొలిచాం, పగలగొట్టాం. (నా వేళ్ళన్నీ ఉన్నాయి, కావాలంటే లెక్క పెట్టుకో.) పప్పు మంగలంలో వేయించింది నేను. తిరగలి తిప్పింది అత్తయ్య. గోరువెచ్చని నీళ్ళు చిలకరించుకుంటూ పిసికింది ఇద్దరం. పెద్ద సీసా నింపేటప్పుడు మాత్రం ఆవిడ నన్ను దగ్గరికి రానివ్వలేదు. ‘నా కూతురి సీసా నేను నింపుకుంటాను, పో’ అని తలుపు దగ్గరికేసుకుంది. నీమీద ఉన్న మురిపెంలో పావువంతు నామీద ఉంటే నేను ఈపాటికి ఇంకాస్త ఒళ్ళు చేసేదాన్ని.

చెక్క పొట్లం కడుతుంటే మన ఆవు చూసిన చూపు నువ్వు చూడాల్సింది. దాని నోటి దగ్గరిది లాక్కుని రబాత్ పంపుతున్నాం మరి. పెంకులు మాత్రం అడగలేదు, బతికించావు. పొయ్యిలోకి అవే ఉన్నాయి.

ఇక నాకొక అనుమానం తూదా. పచ్చినూనె ఎందుకే? మనవాళ్ళు దాన్ని తినరు. మొహానికి రాసుకుంటారు, జుట్టుకి పెట్టుకుంటారు, పెళ్ళికూతురికి పూస్తారు. నీ మొహానికి ఇన్నాళ్ళూ సబ్బు తగిలితేనే గొప్ప. ఇప్పుడు పచ్చినూనె కావలసి వచ్చిందంటే, దాని వెనక ఎవరో ఒక కోటు వేసుకున్న కుర్రాడు ఉండాలి. అత్తయ్యతో ఈ మాట నవ్వులాటకి అన్నాను. ఆవిడ నవ్వలేదు. నీ పెట్టెలోని వెండి గొలుసులు బయటికి తీసి తుడుస్తోంది. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను.

చూసుకో మరి.

నీ వేళ్ళున్న వదిన,
మమాస్

*

రబాత్,
అక్టోబరు 8
(పోస్టుకార్డు)

అన్నయ్యకి, వదినకి,

సీసాలు అందాయి. తీరిక లేదు, రెండు ముక్కలే రాస్తున్నాను. ఈ నెల ఊరికి రాలేను. షోటెనాల్‌ని వదిలి రావడం కుదరదు. రాత్రింబవళ్ళూ వాడితోనే సరిపోతోంది. ఒకరోజు కనిపిస్తాడు, ఒకరోజు మాయమైపోతాడు. వాడి సంగతి తేలేదాకా నాకు నిద్ర పట్టదు. మేడమ్‌కి కూడా వాడంటే చాలా ఇష్టం. అమ్మకి చెప్పండి, దిగులు పడొద్దని.

తూదా

*

తిజ్గి,
అక్టోబరు 17

తూదా,

ఎవడే వాడు?

కార్డు వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఉన్నాం. నేను గట్టిగానే చదివాను. మధ్యలో ఆపుదామనుకునేసరికే ‘రాత్రింబవళ్ళూ’ అన్న మాట నోట్లోంచి జారిపోయింది. అత్తయ్య చేతిలో జల్లెడ కింద పడింది.

షోటెనాల్ ఏం పేరు? మనవాళ్ళలో లేదు, అరబ్బుల్లో లేదు. మీ అన్నయ్య జర్మనీవాడంటాడు. అతను ఒకప్పుడు అగాదిర్ రేవులో జర్మన్ల మూటలు మోశాడుగా, తనకి తెలుసట. ‘ఒకరోజు మాయమైపోతాడు’ అని నువ్వే రాశావు. అలా మాయమయ్యేవాడికి ఇల్లూ వాకిలీ ఉందా? ముస్లిం అవుతానన్నాడా? ఇదంతా నేను అడగడం లేదు. అత్తయ్య అడగమంటే అడుగుతున్నాను. నేను అడిగేదల్లా ఒక్కటే: ఎలా ఉంటాడు?

మీ అన్నయ్య నిన్ననే బయల్దేరాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. మనిషి మంచివాడైతే ఇమ్మని బాదం మూట, కాకపోతే పనికొస్తుందని తాతగారి చేతికర్ర, రెండూ పట్టుకెళ్ళాడు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు వాడి ఎముకలు లెక్కపెట్టుకోవలసి రావచ్చు. నావల్ల కాలేదమ్మా, ఆపలేకపోయాను. నిజం చెప్పాలంటే, పెద్దగా ఆపలేదు కూడా.

మమాస్

*

రబాత్,
అక్టోబరు 25

నా ప్రాణాలు తోడుతున్న వదినకి,

ఈ ఉత్తరం అన్నయ్య చేతికే ఇచ్చి పంపుతున్నాను.

మొన్న పొద్దున కాలేజీ గేటు దగ్గర గొడవగా ఉంటే కిటికీలోంచి చూశాను. బీహీ అన్నయ్య! దారిలో వ్యాను మొరాయించి వారం పట్టిందట. ఒక చంకలో మూట, ఒక చేతిలో కర్ర. గేటు కాపలా ఆయన్ని పట్టుకుని, ‘షోటెనాల్‌ని బయటికి పిలు. నేను ఆడపిల్ల అన్నని’ అంటున్నాడు. ఆయన, ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరయ్యా’ అంటే, ‘లోపల దాచారన్నమాట’ అన్నాడు. నేను మెట్లు దిగి పరిగెత్తేలోపే మేడమ్ బెర్రాదా వెళ్ళి సంగతి కనుక్కుంది. ఆవిడ నవ్వనుకూడా లేదు వదినా. ‘రండి, చూపిస్తాను’ అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, మిషను ముందు నిలబెట్టి, అది గీసిన కాగితం చూపించింది. కాగితం నిండా శిఖరాల్లాంటి గీతలు. ఒకదానిమీద వేలు పెట్టి, ‘ఇదిగో షోటెనాల్’ అంది.

అన్నయ్య చాలాసేపు చూసి, ‘ఇంత సన్నగా ఉన్నాడేం?’ అన్నాడు.

షోటెనాల్ మనిషి కాదు తల్లీ. అర్గాన్ నూనెలో ఉండే ఒక పదార్థం. నూనెలో ఎక్కువ భాగం కొవ్వే. అందులో ఒలేయిక్, లినోలేయిక్ అని రెండు ఆమ్లాలు పెద్ద వాటా తీసుకుంటాయి. అవి చాలా నూనెల్లో ఉంటాయి. కానీ కొసరుగా ఉండే చిన్నచిన్న పదార్థాలను బట్టే నూనె ఏ ఇంటిదో చెప్పగలం. షోటెనాల్, వాడి తమ్ముడు స్పినాస్టెరాల్ ఉన్నారంటే అది అర్గాన్ ఇల్లు. సీసాలు వచ్చిన దగ్గర్నుంచీ నేను ఆ అన్నదమ్ములను విడదీయడానికి చూస్తున్నాను. పచ్చినూనె అడిగింది కూడా, వేయించితే ఏం మారుతుందో చూడటానికే. మొహానికి కాదు. (కొంచెం రాసుకున్న మాట నిజమే.) ఇంకో సంగతి విను: నువ్వు పంపిన చెక్కలో నురగ వచ్చే చేదు పదార్థం ఉంది. అందుకే అమ్మ దాంతో మా తలలు రుద్దితే అంత నురగ వచ్చేది, నాలిక్కి తగిలితే ఏడుపొచ్చేది. మన ఆవు దాన్ని ఎలా తింటోందో మేడమ్‌కి కూడా అర్థం కాలేదు.

ఇప్పుడు నీ పని పడతాను. చిన్న సీసా బంగారం. పెద్ద సీసాలో మాత్రం ఒక దొంగ దొరికాడు. కాంపెస్టెరాల్ అని, వాడు అర్గాన్ ఇంటివాడు కాదు, కొట్లో అమ్మే సోయా నూనెల్లో కాపురం ఉంటాడు. ఏమమ్మా, కిరాణా కొట్టు కూతురా! పుట్టింటి బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. నిజం చెప్పు, మీ నాన్న కొట్లో నేర్చుకున్న విద్యేనా? ఎంత కలిపావు? ఊరందరి నూనె నీ గదిలోనే ఉందిగా, ఇంక నీకు పండగే!

ఇంకోసారి మంచి సీసా పంపు. నవ్వుతూ రాస్తున్నాను, రాత బాగాలేకపోతే తిట్టుకోకు.

నీ
తూదా

*

తిజ్గి,
నవంబరు 4

తూదా గారికి,

మీ ఉత్తరం అందింది.

మీ అన్నయ్య వ్యాను ఐత్ బాహాలో చెడిపోతే, దాన్ని బాగుచేయించుకుంటూ అక్కడే ఉండిపోయి, ఉత్తరం మన ఊరు వస్తున్నవాళ్ళ చేతికి ఇచ్చి పంపారు. అది చేరేసరికి నేను తోపులో ఉన్నాను. మన వాకిట్లో ఆడవాళ్ళందరూ కూర్చుని గింజలు కొడుతున్నారు. ‘కూతురి దగ్గర్నుంచి’ అని మీ అమ్మగారు సంబరపడి, గుట్టమీది ఫద్మా కోడలికి చదువు వచ్చు కాబట్టి ఆ అమ్మాయి చేత చదివించారు.

ఆ అమ్మాయి చక్కగా చదువుతుంది. ఒక్క ముక్క వదలదు.

షోటెనాల్ దగ్గర అందరూ పడిపడి నవ్వారట. పెద్ద సీసా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిందట. ‘ఊరందరి నూనె నీ గదిలోనే ఉందిగా’ అన్నది మాత్రం ఫద్మా రెండోసారి చదివించుకుందట.

నేను తోపు నుంచి వచ్చేసరికి వాకిలి ఖాళీ. ఎవరి రాయి వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ వాళ్ళ డబ్బాలు అడిగి తీసుకెళ్ళారు. ఫద్మా మాత్రం తన డబ్బా మూత తీసి, వాసన చూసి, మళ్ళీ పెట్టి మరీ తీసుకెళ్ళింది.

మీ మిషను అబద్ధం చెప్పదని మీ నమ్మకం. నేను చెప్పేదేముంది?

ఇంకో సీసా పంపలేను. మన్నించండి.

బీహీ భార్య,
మమాస్

*

రబాత్,
నవంబరు 12

వదినా,

నన్ను ‘మీరు’ అన్నావు. తిట్టినా బాగుండేది.

నేను ఆడిన పరాచికం అది. నీకూ నాకూ మధ్య ఎప్పుడూ ఉండేదే. నువ్వు నా ఉత్తరం పట్టుకుని పొయ్యి ముందు కూర్చుని నవ్వుకుంటావనుకున్నాను. వాకిట్లో పదిమందిలో చదువుతారని అనుకోలేదు. అనుకోకపోవడం నా బుద్ధితక్కువ. మన ఊళ్ళో ఉత్తరమంటే ఊరందరిదీ అని నాకు తెలియదా?

నువ్వు కల్తీ చేశావని నేను ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. నమ్మి ఉంటే నవ్వుతూ రాసేదాన్నా?

ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. మిషను తప్పు చెప్పలేదు, ఆ పరీక్ష మళ్ళీ చేశాను. అయితే నాకు ఒక దారి తోస్తోంది. ఆ సీసా అంతకుముందు కొట్టు నూనె సీసా అయి ఉండొచ్చు కదా? అడుగున కొంచెం మిగిలి ఉండి, కడగకుండా నింపి ఉంటే చాలు. అది తప్పు కాదు వదినా, ఎవరి ఇంట్లోనైనా జరిగేదే. ఇదే మాట ఆడవాళ్ళకి చెప్పు. కావాలంటే నేనే ఫద్మాకి వేరే ఉత్తరం రాస్తాను.

నాకు జవాబు రాయి. తిడుతూ అయినా రాయి.

తూదా

*

తిజ్గి,
నవంబరు 24

కడగని సీసానా?

ఏమే, నేను సీసా కడగకుండా నూనె పోసే మనిషినా? బూడిద పెట్టి తోమి, వేడినీళ్ళతో కడిగి, ఎండలో బోర్లించి పెట్టిన సీసా అది. దొంగ అన్నందుకు ఏడ్చాను గానీ, మురికిదాన్ని అన్నందుకు మాత్రం రబాత్ వచ్చి నీ జుట్టు పట్టుకుందామనుకున్నాను. చూశావా, కోపంలో మళ్ళీ ‘నువ్వు’లోకి వచ్చేశాను. సరే, ఇక అలాగే ఉండనీ. ‘మీరు’ అని రాస్తుంటే నాకూ నోట్లో చేదుగానే ఉంది.

జరిగింది చెప్తాను, విను.

ఆడవాళ్ళు వెళ్ళిపోయిన రోజు నుంచి అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. ముద్ద సరిగ్గా ముట్టదు. రాత్రి మోకాళ్ళకి నూనె రాయబోతే కాళ్ళు లాక్కుంటుంది. నన్నే అనుమానిస్తోందనుకున్నాను. మీ అన్నయ్య మధ్యలో కూర్చుని ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి నావైపు చూసి వ్యాను దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి పుట్టింటికి వెళ్ళిపోదామనిపించింది తూదా. మూట కూడా కట్టుకున్నాను. నీకు ఈ మాట చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. ఈసారి నేనే చదివాను. ‘కడగకుండా నింపి ఉంటే’ అన్నచోట అత్తయ్య లేచి నిలబడింది. చేతికర్ర తీసుకుంది.

‘ఎక్కడికి?’ అన్నాను.

‘ఫద్మా ఇంటికి.’

ఫద్మా ఇల్లు గుట్టమీద కదా. ఆవిడ ఆ దారి ఎక్కి ఎన్నాళ్ళయిందో. నేను వెనకే నడిచాను, చెయ్యి పట్టుకోనివ్వలేదు. వాకిట్లోకి వెళ్ళి, ఊపిరి తీసుకుని, ‘ఫద్మా, బయటికి రా’ అంది.

‘లోపలికి రా పెద్దమ్మా, టీ పెడతాను’ అంది ఫద్మా.

‘టీ తరవాత. ముందు విను. నా కోడలు దొంగ కాదు. కలిపింది నేను.’

నేను అక్కడే బండరాయిమీద కూలబడ్డాను.

‘సీసాకి బెత్తెడు తక్కువైంది’ అంది అత్తయ్య. ‘అదేమో మూతిదాకా నింపమని రాసింది. నేనేం చెయ్యను? చెట్లు ఎండిపోయాయి, అమ్మ దగ్గర సీసాడు నూనె కూడా లేదని అది అంత దూరంలో కూర్చుని తెలుసుకోవాలా? గుడ్లు వేయించే కొట్టు నూనె అలమరలో ఉంది. పోశాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. నూనె లోపలికి దూరి చూసే మిషను ఉందని నాకేం తెలుసు!’

ఫద్మా ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే నవ్వు.

‘పెద్దమ్మా, నేను మా కొడుక్కి ఎన్నేళ్ళుగానో అలాగే పంపుతున్నాను! వాడు కాసాబ్లాంకాలో స్నేహితులందరికీ పెట్టి, మా అమ్మ నూనె అని గొప్పలు చెప్పుకుంటున్నాడు’ అంది.

అత్తయ్య అక్కడితో ఆగలేదు. ప్రతి ఇంటికీ వెళ్ళింది, ప్రతి వాకిట్లోనూ అదే మాట చెప్పింది. చివరి ఇంటికి చేరేసరికి వెనక ఊరి ఆడవాళ్ళందరం ఉన్నాం. తేలిందేమిటంటే, ఊళ్ళో మరో ఇద్దరు తల్లులది కూడా ఇదే కథ. బయటి ఊళ్ళల్లో ఉన్న మన తిజ్గి కొడుకులు ఇన్నాళ్ళూ సగం సోయా నూనె తిని, అమ్మ నూనేనని కళ్ళు తుడుచుకుంటున్నారన్నమాట.

దిగి వస్తుంటే అడిగాను. ‘ఇన్ని రోజులూ నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?’

‘నీ మొహం చూడలేకపోయాను.’

‘నన్ను అనుమానిస్తున్నారనుకున్నాను.’

‘నిన్నా?’ అని దారి మధ్యలో ఆగిపోయింది. ‘నువ్వు వచ్చిన ఏడాది, వేలు చితికి రక్తం కారుతుంటే, పప్పుకి అంటుకుందని ఆ పప్పంతా ఏరి పక్కన పెట్టావు. అలాంటిదాన్ని అనుమానించడానికి నాకు మతి పోయిందా?’ అంది. అప్పుడు చెయ్యి ఇచ్చింది. ఇంటిదాకా పట్టుకునే వచ్చాను.

డబ్బాలన్నీ తిరిగి మన గదికి వచ్చాయి. మొన్న అందరూ తలా ఒక దోసెడు పప్పు తెచ్చారు. అందరి ఎదురుగా వేయించాం, తిప్పాం, పిండాం. ఆ సీసా ఈ ఉత్తరంతో వస్తోంది. మెడ దగ్గర ఖాళీగా ఉంటుంది. అలాగే ఉంటుంది మరి. నీ గాలి గొడవ నువ్వు చూసుకో.

మీ వదిన కాదు, నీ వదిన,
మమాస్

*

రబాత్,
డిసెంబరు 20

వదినా,

ముందు ఒక మనవి. ఇది నువ్వొక్కదానివే చదువు. ఆ తరవాత వాకిట్లో చాటింపు వేయించుకో.

కాంపెస్టెరాల్ జాడే లేదు. షోటెనాల్ ఉన్నాడు, తమ్ముడు ఉన్నాడు, పరాయివాడు లేడు. మేడమ్ సంతకం పెట్టిన కాగితం అగాదిర్ కొట్టావిడకి నిన్ననే పంపాను. ఒక్క సలహా, పరాచికం కాదు: చేత్తో పిసికిన నూనెలో నీళ్ళ చెమ్మ మిగులుతుంది, అందుకే తొందరగా పాడవుతుంది. తేటపడ్డాక ఇంకోసారి గుడ్డతో వడకట్టి, చల్లటి చోట పెట్టి, త్వరగా అమ్మేయండి.

నీ ఉత్తరం చదివి ఎలా ఉన్నానో చెప్పలేను. ‘మూతిదాకా నింపండి, అమ్మకి గట్టిగా చెప్పు’ అని రాసింది నేను. కరువు సంగతి నువ్వు రాస్తే చదివి, నవ్వుకుని, పక్కన పెట్టేసింది నేను. బెత్తెడు తక్కువగా పంపినా అమ్మనేమీ అనుకోనని అమ్మకి తెలియకుండా ఇన్నేళ్ళు ఎలా పెరిగానో అర్థం కావడం లేదు.

పరీక్షకి పనికిరాని ఆ మొదటి పెద్ద సీసా నూనె పారబోయమంది మేడమ్. గదికి తెచ్చుకున్నాను. పొద్దున్నే రొట్టె ముంచుకు తింటున్నాను. మిషను ఏమన్నా అననీ, రుచిలో నాకేమీ తేడా తెలియలేదు.

అమ్మ నాకు ఒక్క మాట కూడా రాయించలేదు. కోపమా? సిగ్గా? నువ్వు అడిగి రాయి. నాకు కోపం లేదని వందసార్లు చెప్పు. నువ్వు మూట కట్టుకున్న సంగతి అన్నయ్యకి తెలుసా? తెలియకపోతే నేను చెప్పను. విప్పావా లేదా, అది మాత్రం రాయి.

నీ
తూదా

*

తిజ్గి,
1995 జనవరి 8

తూదా,

మూట ఆ రోజే విప్పాను. లోపల నీ పాత స్వెట్టరు కూడా దొరికింది. పుట్టింటికి వెళ్ళేదాన్ని నీ స్వెట్టరు ఎందుకు పెట్టుకున్నానో నన్ను అడక్కు.

కొట్టావిడ వచ్చింది. నూనె రుచి చూసింది, కాగితం చూసింది, మొదటి సరుకు తీసుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బాదం, తేనె, నూనె కలిపి నూరిన మన అమ్లూ గిన్నె కూడా నాకి వెళ్ళింది. బాదం తక్కువైందని ఫద్మా సణిగింది గానీ ఆవిడకి తెలియలేదు. మళ్ళీ వాకిలి నిండా రాళ్ళ చప్పుడే. చెవులు పోతున్నాయి. హాయిగా ఉంది.

ఇక అత్తయ్య సంగతి. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి రోజూ అడుగుతున్నాను, ‘తూదాకి ఏం రాయమంటారు?’ అని. ‘రాసేది కాదులే’ అంటుంది. నీకు కోపం లేదని చెప్పాను. ‘దానికి లేకపోతే సరిపోయిందా?’ అంది. నువ్వు రొట్టె ముంచుకు తింటున్నావని చెప్తే లేచి పెరట్లోకి వెళ్ళిపోయి, చాలాసేపటికి గానీ రాలేదు.

నిన్న పొద్దున మీ అన్నయ్యని పిలిచి, ‘రబాత్‌కి బస్సు ఎన్నింటికి?’ అని అడిగింది. అగాదిర్ దాటి అడుగు పెట్టని మనిషి! ఏమిటీ వింత అంటే, మోకాళ్ళకి పెద్ద డాక్టరుకి చూపించుకోవాలంది. ఊరంతటికీ అదే చెప్పింది. మేం నమ్మినట్టే తలలూపాం. డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళెవరైనా కొత్త దుప్పటి నేసుకుని, ఒడిలో పెట్టుకుని తీసుకెళ్తారా? అది నీకే. నన్ను చెప్పొద్దంది. చెప్పాను.

మీ అన్నయ్య తోడు వస్తున్నాడు, ఈ ఉత్తరం మాత్రం ఆవిడ చేతికే ఇస్తున్నాను. చదవడం రాదు కాబట్టి ఇందులో ఏముందో ఆవిడకి తెలియదు. నేను ఫిర్యాదులు రాశాననుకుంటోంది. అనుకోనీ.

దారిలో మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ వస్తుంది. మొదలుపెట్టనివ్వకు. నువ్వే ఏదో ఒకటి మాట్లాడెయ్యి, దారి గురించి, చలి గురించి, నా వంట గురించి అయినా సరే. రెండు గ్లాసుల టీ అయ్యాక తనే చెప్తుంది. చెప్పకపోయినా పరవాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు ఎడమవైపు పట్టుకో, కుడి మోకాలు ఎక్కువ నొప్పి.

మీ అన్నయ్య మూటలు దింపుతూ కింద ఉండిపోయి ఉంటాడు. ఆవిడ మాత్రం ఈ కాగితం నీ చేతిలో పెట్టి, నువ్వు చదవడం అయ్యేదాకా గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. రమ్మనేదాకా లోపలికి రాదు. నాకు తెలుసు ఆ మనిషి సంగతి.

ఇంకా చదువుతావేమిటే? తలెత్తు.

మమాస్